జీడివలస దగ్గరైన వైనం

జీడివలస అనే ఊరు ఒక మంగళవారం మధ్యాహ్నం రాయిపాడుకు ముప్పావు కిలోమీటరు దగ్గరగా జరిగింది. ఆ వేళకు ఊళ్ళో జనం భోజనాలు ముగించి కునుకు తీస్తున్నారు గనుక ఎవరికీ తెలియలేదు. గోడలు బీటలివ్వలేదు, చెంబు దొర్లలేదు, కట్టేసిన గేదె కూడా తలెత్తి చూడలేదు. ఇంత ఘనకార్యం చేసినవాడు తవిటినాయుడు. పాపం, ఆ సంగతి అతనికీ తెలియదు. అతను చేసిందల్లా తన పికప్ బండికి టైర్లు మార్చడమే.

తవిటినాయుడిది జీడివలసే. ఆ చుట్టుపక్కల అతని పికప్ చేయని పని లేదు. జీడిపిక్కల బస్తాలు, గుమ్మడికాయలు, టెంటు హౌసు కుర్చీలు, ఆ కుర్చీల్లో కూర్చోబోయే పెళ్ళివారు, అన్నీ దానిమీదే వెళ్ళేవి. నెలలో కొన్ని రోజులు మాత్రం ముందు అద్దానికి ‘ప్రభుత్వ విధి నిమిత్తం’ అనే అట్ట తగిలించుకుని, రాయిపాడులోని దూర నిర్ధారణ కార్యాలయానికి తిరిగేది. ఆ కార్యాలయానికి సొంత జీపు లేకపోలేదు. వెనక గోడ పక్కన అది చాలాకాలంగా విశ్రాంతి తీసుకుంటోంది. దాని డ్రైవరు సీటులో ఓ కోడి గుడ్లు పొదుగుతోంది, దాన్ని లేపే అధికారం ఎవరిదో తేలలేదు.

జీడివలస నుంచి రాయిపాడు పోయే రోడ్డుమీద చెరకు ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా లోతుగా చాళ్ళు పడ్డాయి. మధ్యలో గట్టు మిగిలింది. బరువు వేసిన పికప్ పొట్ట ఆ గట్టుకు రాసుకునేది. ఆ చప్పుడు వింటే తవిటినాయుడికి తన వీపే గీసుకుపోయినట్టుండేది. పైగా పాత టైర్లు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా అయిపోయాయి. ఎలాగూ కొత్తవి వేయించాలి, ఆ వేయించేవేవో కాస్త పెద్దవి వేయిస్తే బండి పైకి లేస్తుంది కదా అనుకున్నాడు. ఆ ఆలోచనలో ఏ తప్పూ లేదు. ఈ కథలో తప్పు లేని ఆలోచన అదొక్కటే.

రాయిపాడులో కరీముల్లా టైర్ల కొట్టుకు భార్య కాంతమ్మను కూడా తీసుకెళ్ళాడు. బండికి సంబంధించి ఏం కొన్నా ఆమె చూడకుండా కొంటే తర్వాత ఏడాదంతా వినాల్సి వస్తుంది.

తవిటినాయుడి కన్ను ముందుగా అన్నిటికన్నా పెద్ద టైరుమీద పడింది. పనసకాయ తొక్కలాంటి గళ్ళతో, అది గోడకు ఆనుకుని దర్జాగా నిలబడి ఉంది.

“అది వద్దు నాయుడూ,” అన్నాడు కరీముల్లా. “సూడ్డానికి బాగుంటాది. మలుపు కాడ మడ్గార్డుని కొరికీస్తాది.”

నమ్మకపోతే చూపిస్తానని ముందు చక్రానికి ఒకటి తొడిగి, స్టీరింగు చివరిదాకా తిప్పమన్నాడు. తవిటినాయుడు తిప్పాడు. లోపల రేకు గుర్రుమంది. అది తీసేసి ఒక్క సైజు మాత్రమే పెద్దదైన టైరు తొడిగాడు. ఈసారి ఎటు తిప్పినా చప్పుడు లేదు. మడ్గార్డుకీ టైరుకీ నడుమ నాలుగు వేళ్ళు దూరాయి.

“ఇది సాలు. ఎత్తు ఎక్కీటప్పుడు లాగుడు కొంచెం తగ్గుతాది. డీజిలు ఇంకొంచెం తాగుతాది. అంతకు మించి ఏటీ నేదు.”

కాంతమ్మ తన పరీక్ష తను చేసింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని బండి ఎక్కబోయి ఆగిపోయింది. “మోకాలు గెడ్డానికి తగులతంది మావా. పెళ్ళోళ్ళలో ముసిలమ్మలుంటే ఎలగెక్కుతారు?” అంది. కింద ఇనప మెట్టు వేయించి ఇస్తానని కరీముల్లా మాటిచ్చాక గానీ ఆమె సరేననలేదు.

చక్రాలు నాలుగూ బిగించాక కరీముల్లా ఇంకో మాట చెప్పాడు. “మీటరు మాత్రం కొంచెం తక్కువ సూపిస్తాది. సక్రం పెద్దదైతే ఒకపాలి తిరిగితే ఎక్కువ దూరం పోద్ది గదా. మీటరు తిరుగుళ్ళే లెక్కెడతాది, రోడ్డుని సూడదు.”

“మీటరు ఎవుడు సూస్తాడు భాయ్,” అని నవ్వేశాడు తవిటినాయుడు.

మీటరు చూసే చోటు లోకం మొత్తంమీద ఒక్కటే ఉంది. మర్నాడు మంగళవారం అతను వెళ్ళాల్సింది అక్కడికే.

దూర నిర్ధారణ కార్యాలయం వారి దృష్టిలో దూరం పాలలాంటిది, ఎక్కువకాలం నిలవ ఉంచితే విరిగిపోతుంది. అందుకని ప్రతి ఊరి దూరాన్నీ ఏటా కొత్తగా కొలవాలి. పాత దూరం తెచ్చి చూపిస్తే చెల్లదు. కొలిచే పద్ధతి కూడా తరతరాలుగా ఒకటే: ‘ప్రభుత్వ విధి’ అట్ట కట్టిన బండి ఎక్కి, మీటరు చూసుకుంటూ పోవడం.

దూరాధికారి పరిపూర్ణాచారి గారు గొడుగు, టిఫిను క్యారియరు, చేతిసంచీతో ముందు సీటులో కూర్చున్నారు. గుమాస్తా లోకనాథం వెనక తొట్టిలో నిలబడ్డాడు. బండి గట్టుకు తగలకుండా హాయిగా సాగిపోతుంటే తవిటినాయుడికి నెత్తిన పాలు పోసినట్టుంది. జీడివలస పొలిమేరలో బండి ఆగింది. ఆచారి గారు మీటరు చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. పోయినేడు పదింపావు. ఇప్పుడు తొమ్మిదిన్నర.

“లోకనాథం,” అన్నారు గంభీరంగా, “గ్రామము సమీపించినది.”

“చిత్తం,” అన్నాడు లోకనాథం, తొట్టిలోంచే.

ఆ చిన్న మాట పై అధికారులకు చేరేసరికి పెద్దదైంది. రోడ్డుమీద గంపెడు మట్టి పోయకుండా, తారు చుక్క పడకుండా, ఒక ఊరు దానంతటదే పట్టణానికి దగ్గరైందంటే సామాన్యమా? జిల్లా కేంద్రంలో ఉండే దూరాధిపతి గారు పరిపూర్ణాచారి గారికి శాలువా కప్పారు. తవిటినాయుడిని కూడా పిలిచి ఫొటోలో చివర నిలబెట్టారు. ఎందుకు నిలబెట్టారో అతను అడగలేదు. శాలువాలు కప్పేచోట అలాంటివి అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

ఎందుకో ఆ శనివారం తెలిసింది. అతని కూతురు రోహిణి రాయిపాడు బాలికల హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. తెలివైన పిల్ల. పదిలో మంచి మార్కులొస్తే పాలిటెక్నిక్‌లో చేరతానని ఎప్పటినుంచో చెబుతోంది. ఆమెను చూడ్డానికి జంతికలు పట్టుకుని వెళితే, హాస్టలు వరండాలో ఆమె ట్రంకుపెట్టె మీద ఆమే కూర్చుని ఉంది.

వార్డెను హైమవతి మంచి మనిషే. చెప్పలేక చెప్పింది. “పది కిలోమీటర్లు, ఆ పైన ఉన్న ఊళ్ళ పిల్లలకే సీటు నాయుడుగారూ. మీ ఊరు తొమ్మిదిన్నరకి వచ్చేసిందట. పైనుంచి కాగితం వచ్చింది. మీ ఊరి పిల్లలు ముగ్గురినీ పంపించెయ్యమన్నారు.”

“మా ఊరు రావడవేటమ్మా? అక్కడే ఉన్నాది. నాను ఇప్పుడు అక్కడినుంచే గదా వస్తన్నాను.”

“వచ్చారు కదా, ఎంత తొందరగా వచ్చేశారో చూడండి,” అందామె, పైవాళ్ళు చెప్పమన్న మాటే చెబుతూ. చెప్పాక తలవంచుకుంది.

ట్రంకుపెట్టె తొట్టిలో పెడుతుంటే తవిటినాయుడి చూపు టైర్లమీద పడింది. కరీముల్లా మాట అప్పుడు గుర్తొచ్చింది. తన బిడ్డ మంచాన్ని తన చేత్తోనే లాగేశాడు.

సోమవారం పొద్దున్నే కార్యాలయం తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాడు. సంగతంతా దాచకుండా చెప్పుకున్నాడు. పరిపూర్ణాచారి గారు ఓపిగ్గా విన్నారు.

“టైరు మారినదని మాకునూ తెలియును. ఎక్కునపుడు మెట్టు ఎత్తుగా ఉన్నది. మాకు కళ్ళు లేవనుకొంటివా?”

“మరి తెలిసి కూడా అలగ రాసీసినారేటి బాబూ?”

“టైరు నీ స్వంత ఆస్తి. మీటరు ప్రభుత్వ విధిలో ఉన్నది. ప్రభుత్వ విధిలో ఉన్నదానిని ఒకరి స్వంత ఆస్తి ఎట్లు ప్రశ్నించగలదు?”

“రోడ్డు అలగే ఉన్నాది గదండీ. ఒక్క గజం తగ్గనేదు.”

“రోడ్డు రోడ్లవారిది. మాది దూరము మాత్రమే,” అన్నారు ఆచారి గారు. అని, కోడి అరుపు వినిపిస్తే కిటికీ మూయించారు.

ఈలోగా దూరాధిపతి గారికి ఉత్సాహం ఆగలేదు. ‘సామీప్య పథకం’ అని పేరు పెట్టి, జిల్లాలో కొలతకు పోయే ప్రతి బండికీ ఒక సైజు పెద్ద టైర్లు వేయించాలని ఉత్తర్వు వేశారు. ఒక సైజుతో ఊళ్ళు ఇంత దగ్గరైతే రెండు సైజులతో ఎంత దగ్గరవుతాయో అని కిందివాళ్ళు పోటీపడ్డారు. ఒకాయన ట్రాక్టరు వెనక చక్రాలు జీపుకు బిగించాడు. ఇంకొకాయన రథం చక్రాలు ఇమ్మని గుడివాళ్ళకు అర్జీ పెట్టుకున్నాడు, ఉత్సవాలయ్యాక చూద్దామన్నారట. కొండవాలున ఉండే ఒక ఊరైతే దగ్గరై దగ్గరై కాగితంమీద రాయిపాడు కూరగాయల సంతలోకి వచ్చేసింది. ఆ ఊరివాళ్ళకు టౌను పన్నులు పడ్డాయి. కేకేస్తే వినిపించేంత దగ్గర్లో ఉన్నారు గనుక మీకు సెల్ టవరు అనవసరమని తాఖీదు కూడా అందింది. పాపం ఒకతను నిజంగానే కొండమీద నిలబడి కేకేసి చూశాడట. ఎవరూ పలకలేదు.

జనం ముక్కున వేలేసుకున్నారు. పేపర్లు మాత్రం మెచ్చుకున్నాయి.

రోహిణి నడవడం మొదలుపెట్టింది. జీడివలసకు బస్సు లేదు. తండ్రికి లోడు ఉంటే ఆ పక్కకు రాలేడు. పిల్ల చీకట్లోనే లేచి బయల్దేరి, మళ్ళీ చీకటి పడ్డాక వచ్చేది. పుస్తకం తెరిచి, కంచం ముందుకొచ్చేలోపే నిద్రపోయేది. ఒక్క మాట అనేది కాదు. అంటే బాగుండేదని తవిటినాయుడికి అనిపించేది. బండి కింద దూరి పనిలేకపోయినా ఏదో ఒకటి బిగిస్తూ కూర్చునేవాడు.

కాంతమ్మకు ఓపిక నశించింది. “పెద్ద టైర్లేసి ఊర్ని దగ్గరకి లాగినావు గదా,” అంది, “సిన్నయ్యేసి తోసెయ్యి మావా.”

ఎన్నాళ్ళగానో కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నవాడికి ఆ మాట వేదంలా వినిపించింది. కరీముల్లా దగ్గరకు పరుగెత్తి, ఈ బండికి పట్టే అన్నిటికన్నా చిన్న టైర్లు కావాలన్నాడు. కరీముల్లా అతని మొహంలోకి తేరిపార చూశాడు.

“పెద్దయ్యి కావాలన్నావు. మొన్ననే గదా.”

“ఇప్పుడు సిన్నయ్యి కావాలి.”

“పొట్ట గట్టుమీదే కూకుంటాది నాయుడూ.”

“కూకోనీ.”

దూరం తిరిగి కొలవాలని అర్జీ పెట్టాడు. పరిపూర్ణాచారి గారు అదే గొడుగుతో, అదే క్యారియరుతో ఎక్కారు. ఎక్కడం ఈసారి సుఖంగా ఉందన్నారు. వెళ్ళేటప్పుడు ఆయనకు మంచి కునుకు పట్టింది గనుక మీటరు చూడలేదు. జీడివలసలో పెరుగన్నం తిని, వచ్చేటప్పుడు కొలుద్దామన్నారు. దారి పొడుగునా బండి పొట్ట గట్టుకు గీరుకుంటూనే ఉంది.

“ఏమిటా శబ్దము?”

దూరం పెరుగుతున్న శబ్దమని చెబుదామనుకున్నాడు తవిటినాయుడు. “గట్టండీ,” అన్నాడు.

రాయిపాడు చేరేసరికి మీటరు పదకొండు దాటింది. ఆచారి గారు మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. ఆయన మొహంలో కోపం లేదు, బాధ ఉంది. తనకు శాలువా కప్పించిన ఊరు ఇలా చేస్తుందని ఆయన అనుకోలేదు.

“లోకనాథం, గ్రామము వైదొలగినది.”

“చిత్తం.”

‘ప్రభుత్వ పథకము కింద సమీపించిన సదరు గ్రామము ముందస్తు అనుమతి లేకుండా పూర్వస్థానమునకు మించి వెనుకకు మరలినందులకు తగు చర్య ఏల తీసుకొనరాదో’ సంజాయిషీ చెప్పుకోవాలని జీడివలసకు నోటీసు వచ్చింది. సర్పంచి ఆదిలక్ష్మమ్మ ఆ నోటీసు పట్టుకుని, తవిటినాయుడిని వెంటబెట్టుకుని కార్యాలయానికి వచ్చింది.

“మేం ఎక్కడికీ ఎల్లనేదు బాబూ. ఇళ్ళకాడే ఉన్నాం. పొయిలో పిల్లి కూడా కదలనేదు.”

“వెళ్ళినవారు వెళ్ళితిమని ఎన్నడైననూ ఒప్పుకొందురా?” అన్నారు ఆచారి గారు.

“ఏ దూరం కావాలో మీరే సెప్పండి. అక్కడే ఉంటాం. పిల్లల సీట్లు మాత్రం ఇప్పించండి.”

ఆ మాటకు మాత్రం కార్యాలయం ఆలోచనలో పడింది. తొమ్మిదిన్నర కాగితంమీద సంతకం ఉంది, పదకొండు కాగితంమీదా సంతకం ఉంది. సంతకం పడిన దూరం తప్పు కాజాలదు. అంటే రెండూ ఒప్పే. రెండూ ఒప్పయితే ఊరు రెండుచోట్ల ఉండాలి. ఒక్క ఊరికి రెండు స్థలాలు మంజూరు చేసే అధికారం వాళ్ళకు లేదు. దూరాధిపతి గారే స్వయంగా దిగివచ్చి సమావేశం పెట్టారు. టీలు రెండుసార్లు తిరిగాయి. అప్పుడు లోకనాథం తన ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా ‘చిత్తం’ కాని మాట ఒకటి అన్నాడు.

“అయ్యా, మొదటిది వెళ్ళునపుడు కొలిచినది. రెండవది వచ్చునపుడు కొలిచినది.”

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదేమా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాయిపాడు నుంచి జీడివలసకు తొమ్మిదిన్నర. జీడివలస నుంచి రాయిపాడుకు పదకొండు. ఒకటి పోవు దూరము, ఇంకొకటి వచ్చు దూరము. ఒకదానితో ఇంకొకదానికి పని లేదు.

తవిటినాయుడు గుమ్మంలోంచి చేతులు జోడించాడు. “బాబూ, మరి నా కూతురి సీటు?”

దూరాధిపతి గారు దయగల మనిషి. అక్కడికక్కడే తీర్పు రాయించారు. విద్యార్థిని ఉదయం ఇంటినుంచి వచ్చునపుడు పది కిలోమీటర్లు మించిన దూరమునుండి వచ్చుచున్నది, కావున వసతికి అర్హురాలు. సాయంత్రము ఇంటికి పోవునపుడు పది కిలోమీటర్ల లోపు దూరమునకే పోవుచున్నది, కావున అర్హురాలు కాదు. అందువలన సదరు విద్యార్థినికి సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు మంచము మంజూరు చేయడమైనది. పై దూరములకు భంగము కలుగకుండుటకై తవిటినాయుడు సాయంత్రము పెద్ద టైర్లతోనూ ఉదయము చిన్న టైర్లతోనూ బండి నడపవలెను.

“సంతోషమే కదా?” అన్నారు.

తవిటినాయుడు ఆ తీర్పు కాగితం అందుకుని, జీవితంలో మొదటిసారి తనకు చదువు రానట్టు నటించాడు. ఇంటికెళ్ళి పెద్ద టైర్లు బిగించుకుని వాటితోనే ఉండిపోయాడు.

జీడివలస పిల్లలు ముగ్గురికీ హాస్టల్లో మంచాలు దొరికాయి. మంచానికో పేరు, మంచానికో దిండు. పగలంతా వాళ్ళు బడిలో ఉంటారు. సూర్యుడు దిగగానే మంచాల మీద హక్కు పోతుంది, ఇళ్ళకు బయల్దేరాలి. ఒక సాయంత్రం దూరాధిపతి గారు తనిఖీకి వచ్చి, మడత నలగని ఆ మూడు దుప్పట్లు చూసి ముచ్చటపడ్డారు. ఇంత క్రమశిక్షణ గల పిల్లలు ఏ ఊరివాళ్ళని అడిగారు. జీడివలస అని హైమవతి చెప్పింది. మన ఊరే అన్నారు ఆయన.

తవిటినాయుడు పొద్దుటి లోడ్లు మానుకున్నాడు. అందువల్ల వచ్చే నష్టం గురించి కాంతమ్మ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. తెల్లవారుతుండగా పిల్లలు ముగ్గురినీ ఎక్కించుకుని బయల్దేరతాడు. మిగతా ఇద్దరూ తొట్టిలో బస్తా గోతాలమీద కూర్చుంటారు. రోహిణి ముందు సీటులో పుస్తకం తెరిచి, సామాన్యశాస్త్రంలో ఒక పేజీ చదవడానికి పూనుకుంటుంది. పరీక్షలు దగ్గర పడ్డాయి.

ఆ రోజు పేజీ సగంలో కళ్ళు మూతలు పడుతుంటే, నిద్రపోకుండా మాట్లాడిద్దామని తవిటినాయుడు అడిగాడు.

“అమ్మా, మనూరు రాయిపాడుకి ఎంత దూరమే?”

“ఏ టైరుకి నాన్నా?” అంది రోహిణి. నవ్వు కూడా లేకుండా అంది. అనేసి, అతని భుజంమీదకు వాలిపోయి నిద్రపోయింది.

తవిటినాయుడు గేరు తగ్గించాడు. పెద్ద చక్రాలమీద బండి గట్టుకు తగలకుండా మెత్తగా పోతోంది. చెరకు ట్రాక్టరు ఒకటి హారను కొట్టి దాటుకుపోయింది, పోనిచ్చాడు. పాలవాడు సైకిలుమీద దాటుకుపోయాడు. ఊరిని అరకిలోమీటరు దూరం జరపడానికి ఎన్ని గుమ్మాలెక్కి దిగాడో అతనికే తెలియదు. ఈ రోడ్డు ఇవాళ నిజంగానే ఇంకో రెండు కిలోమీటర్లు ఉంటే ఎంత బాగుండును, పిల్ల ఇంకాసేపు పడుకునేది అనుకున్నాడు. ఎదురుగా రాయిపాడు వాటర్ ట్యాంకు కనబడింది. అతను బండిని రోడ్డు పక్కకు తీసి ఆపాడు. బడికి ఇంకా టైముంది. చప్పుడు ఆగితే మెలకువ వస్తుందేమోనని ఇంజను మాత్రం ఆపలేదు.